వేపాకు వేసిన సంచిలో బూజు ఎందుకు పట్టింది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది కదిరి దగ్గర ఒక పల్లె. మూడెకరాల్లో వేరుశనగ వేస్తాం. అమ్మగా మిగిలిన కాయల్లో ఇంటి ఖర్చుకు, విత్తనానికి కలిపి నాలుగు సంచులు దాచుకున్నాం. మా అత్తయ్య ఎప్పటి నుంచో కాయల మధ్య వేపాకు, వావిలాకు పరుస్తారు. ఈసారి చెట్లు పీకిన తరువాత రెండు రోజులు ముసురు పట్టింది. ఆ తరువాత ఎండలో ఆరబోసి సంచులకెత్తాం. నిన్న గోడ పక్కనున్న సంచి విప్పితే అడుగున కాయలకు పచ్చటి బూజు పట్టి ఉంది. ఆకు కూడా నల్లబడి ముద్దయింది. ఆకులు వేస్తే బూజు విషం పుట్టదని, పుట్టినా విరిగిపోతుందని ఫోనులో ఒక వీడియోలో చెప్పారు. అది నిజమేనా? ఈ కాయలు కడిగి ఎండబెట్టి వాడుకోవచ్చా? పాపకు రెండేళ్లు, రోజూ పల్లీ ఉండ పెడతాను. మనం తినకూడదంటే ఆవుకో కోళ్లకో వేయవచ్చా? అత్తయ్య పద్ధతి తప్పని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ సంచిని పక్కన పెట్టండి. అందులోని కాయలు పాపకే కాదు, ఇంట్లో ఎవరికీ పెట్టవద్దు. ఆవుకు వద్దు, కోళ్లకు అసలే వద్దు. కడగడం వల్ల ప్రయోజనం లేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. మీరు అడిగిన వాటిలో కొన్ని ప్రాణానికి సంబంధించినవి కాబట్టి ఈ మాట మొదటే చెప్పవలసి వచ్చింది.

మీరు చూసిన పచ్చటి బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం కావచ్చు. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి, పత్తి గింజలు దీనికి బాగా ఇష్టం. ఇది తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. ప్రపంచం దీన్ని గుర్తించింది కూడా వేరుశనగలోనే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతు తెలియకుండా చచ్చిపోయాయి. వాటికి పెట్టిన మేతలో బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్క ఉంది. ఆ చెక్కను పరీక్షిస్తూ పోతే ఈ బూజు, దాని విషం బయటపడ్డాయి.

మన దేశానికి ఇంతకంటే దగ్గరి కథ ఉంది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో జనం కామెర్లతో, పొట్టలో నీరు చేరి మంచాన పడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు వెళ్లి పరిశోధించారు. జబ్బుపడిన 397 మందిలో 106 మంది చనిపోయారని 1975లో ప్రకటించారు. కారణం మొక్కజొన్న. కోతల సమయంలో అకాల వర్షాలు పడ్డాయి. తడిసిన కంకులను సరిగా ఆరనివ్వకుండానే ఇళ్లలో దాచుకున్నారు. వేరే తిండి లేక అదే తిన్నారు. ఆ ఇళ్లలో మిగిలింది తిన్న కుక్కలు కూడా అదే జబ్బుతో చచ్చాయి. 2004లో కెన్యాలోనూ ఇలాగే జరిగింది. అక్కడ 317 మంది జబ్బుపడితే 125 మంది పోయారు. అక్కడా తడిగా దాచిన మొక్కజొన్నే కారణం.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇవి రాయలేదు. ఆ ఊళ్లవాళ్లు పూటపూటకూ, వారాల తరబడి విషపు గింజ తిన్నారు. మీ పాప ఇంతవరకు తిన్నది వేరే సంచి కాయలైతే కంగారు పడనక్కరలేదు. కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి, బూజు కాయల సంగతి కూడా చెప్పండి. మన ఇళ్లలో మామూలుగా జరిగే నష్టం ఇంత బాహాటంగా కనబడదు. కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి లోపలికి పోయే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన పదార్థాల మొదటి వర్గంలో అఫ్లాటాక్సిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. హెపటైటిస్ బి సోకినవారికి ఈ విషం తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి పాపకు పుట్టినప్పుడు, తరువాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయవలసిన టీకాలన్నీ పడ్డాయో లేదో కార్డు తీసి ఒకసారి చూసుకోండి. హెపటైటిస్ బి టీకా వాటిలోనే ఉంటుంది. చంటిపిల్లల ఎదుగుదల సంగతి కూడా ఉంది. బెనిన్, టోగో దేశాల్లో పరిశోధకులు చూసినప్పుడు, ఒంట్లో ఈ విషం ఎక్కువగా ఉన్న పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు, బరువు లేకుండా ఉన్నారు. పాలు మాన్పించి ఇంటి తిండి అలవాటు చేసే వయసు నుంచి అది ఎక్కువవుతోందని కూడా గమనించారు. మీ పాపది సరిగ్గా ఆ వయసే.

ఇక మీరు అడిగిన ఆకుల విషయానికి వస్తాను. ఆ వీడియోలో చెప్పినదానికి మూలం లేకపోలేదు. 1988లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో వ్యవసాయ శాఖ పరిశోధనశాలకు చెందిన శాస్త్రవేత్తలు వేపాకు రసం మీద ఒక పరిశోధన ప్రచురించారు. బూజు పెరిగే ద్రావణంలో వేపాకు రసం కలిపి చూశారు. అఫ్లాటాక్సిన్ తయారీ 98 శాతానికి పైగా ఆగిపోయింది. ఇంతవరకే వింటే ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. కానీ అదే పరిశోధనలో ఇంకో రెండు సంగతులున్నాయి. బూజు మాత్రం చావలేదు, మామూలుగానే పెరిగింది. విషం తయారీ ఒకసారి మొదలైపోయాక వేపరసం దాన్ని ఆపలేకపోయింది. అంటే వేప పనిచేసింది బూజు విషం చేయడం మొదలుపెట్టకముందే, అదీ రసంగా మారి బూజుతో పూర్తిగా కలిసి ఉన్నప్పుడే.

పుట్టిన విషం విరిగిపోతుందన్న మాట వెనుక కూడా నిజమైన పరిశోధన ఉంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు అడ్డసరం ఆకు రసాన్ని శుద్ధిచేసి, అఫ్లాటాక్సిన్‌తో కలిపి 37 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచారు. విషంలో 98 శాతం దాకా విరిగిపోయిందని 2014లో ప్రచురించారు. అదే విశ్వవిద్యాలయంలో అంతకు ముందు వాము గింజల రసంతోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ఇవి మంచి పరిశోధనలు. రేపు వీటి నుంచి రైతుకు పనికివచ్చే మందు రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

అయితే పరీక్షనాళికలో జరిగినదానికీ మీ సంచిలో జరిగేదానికీ మధ్య దూరాన్ని ఆ వీడియో చెప్పలేదు. నాళికలో విషం, ఆకు రసం రెండూ ద్రవాలే. ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీ సంచిలో ఆకు ఒకచోట ఉంటుంది. విషం డొల్ల దాటి, పొర దాటి, పప్పు లోపల ఉంటుంది. ఎండాకు ఆ పప్పులోకి ఏ దారిన వెళ్తుంది? రసం తీసి పోద్దామంటే గింజ తడుస్తుంది, తడిస్తే కొత్త బూజు పుడుతుంది. అందుకే ఇంట్లో ఎవరూ ఆకు కషాయంతో గింజలు కడిగి విషం పోయిందని నమ్మకూడదు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. తప్పు మందు వాడితే మందు దండగతో సరిపోతుంది. విషం పోయిందన్న తప్పుడు ధైర్యం వస్తే మాత్రం ఆ గింజలు పిల్లల పళ్లెంలోకి వస్తాయి.

మరి పెద్దలు ఆకు ఎందుకు వేశారు? పురుగు కోసం. ఆ పని ఆకు చేస్తుంది. వేపాకు, వావిలాకు, కానుగాకు, సీతాఫలం ఆకు వాసనకూ చేదుకూ చాలా పురుగులు దూరంగా పోతాయి, గుడ్లు తక్కువ పెడతాయి. పురుగు తగ్గితే బూజుకూ కొంత అడ్డుకట్ట పడుతుంది. పురుగు డొల్లను తొలిస్తే బూజు లోపలికి పోవడానికి దారి ఏర్పడుతుంది. పురుగులు గుంపుగా చేరితే వాటి ఊపిరితోనే గింజ వేడెక్కి చెమ్మ పుడుతుంది. తన ఒంటిమీద బూజు విత్తులను మోసుకుంటూ పురుగు సంచి అంతా తిరుగుతుంది. కాబట్టి ఆకు వేయడం వ్యర్థం కాదు. వేరుశనగ కాయను తొలిచే పురుగు చింతపండులోనూ పెరుగుతుంది. మీ ఇంట్లో చింతపండు తట్టలు, వేరుశనగ సంచులు ఒకే గదిలో ఉంటే ముందు వాటిని విడదీయండి. ఈ ఒక్క పనితోనే కొంత రక్షణ వస్తుంది.

ఆకు వేసినా మీ సంచికి బూజు ఎందుకు పట్టిందంటే, నా లెక్క ఇది. ఆకు నల్లబడి ముద్దయిందని రాశారు. ఎండాకు అలా ముద్దకాదు, నలిగి పొడవుతుంది. అంటే ఆకు పచ్చిగానో, వాడిపోయిందిలే అనుకునే స్థితిలోనో పడింది. పచ్చి వేపాకు బరువులో సగానికి పైగా నీరే. నలభై కిలోల కాయల సంచిలో రెండు కిలోల పచ్చాకు పరిచారంటే, లీటరుకు పైగా నీళ్లు పోసి మూతి కట్టినట్టే. నిల్వకు వేరుశనగ కాయలో తేమ 8 శాతం మించకూడదు. సరిగ్గా 8 శాతం దాకా ఆరిన కాయ కూడా ఆ లీటరు నీరు పీల్చుకుంటే 10 శాతం దాటిపోతుంది. పైగా మీ కాయలు ముసురులో తడిసినవి, ఆ సంచి గోడకు ఆని ఉంది. చలికాలం రాత్రి గోడ, నేల చల్లబడతాయి, కాయల మధ్య ఉన్న గాలిలోని చెమ్మ ఆ చల్లటి వైపుకు చేరుతుంది. అందుకే బూజు సంచి నడుమన కాకుండా అడుగున కనబడింది.

బూజుకు మందు ఎండే. ఈ శిలీంధ్రం మన వాతావరణంలో ఏ వేడికీ జంకదు. 12 డిగ్రీల నుంచి 48 డిగ్రీల దాకా బతుకుతుంది, 30 దాటితే దానికి పండగ. దాని ఒకే ఒక్క బలహీనత నీరు లేకుంటే పెరగలేకపోవడం. గింజలో తేమ ఒక హద్దు కిందికి దిగితే అది పెరగలేదు, విషం చేయలేదు. ఆ హద్దు వేరుశనగ కాయకు 8 శాతం. మొక్కజొన్న, జొన్న, వడ్లకు 13, 14 శాతం దాటకూడదు. వేరుశనగలో నూనె ఎక్కువ కాబట్టి అదే మోతాదు నీరు దానిలో ఎక్కువ చెమ్మగా పనిచేస్తుంది. అందుకే హద్దు అంత తక్కువ.

తేమ కొలిచే యంత్రం ఊళ్లో అందరికీ ఉండదు. చెవి, వేళ్లు చాలు. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపండి. ఆరిన కాయలో పప్పు డొల్లను వదిలి గలగలమంటుంది. పచ్చి ఉంటే బొత్తిగా మోత ఉండదు, లేదా మొద్దు చప్పుడు వస్తుంది. తరువాత కొన్ని కాయలు ఒలిచి పప్పును బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపండి. ఎర్రపొర పొట్టులా రాలాలి. పప్పును రెండుగా విరిస్తే టక్కున విరగాలి, మెత్తగా వంగకూడదు. సంచి పైనుంచి ఒక గుప్పెడు, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి చూడండి. పైవి మాత్రమే చూసి ఆరాయనుకోవడం దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది.

కోళ్లకో, ఇంటికో మొక్కజొన్న, జొన్న కూడా దాచుకుంటుంటే ఉప్పు పరీక్ష చేయండి. మూతున్న గాజు సీసాను బాగా తుడిచి ఎండలో పెట్టండి. దొడ్డుప్పును పెనం మీద వేయించి పొడిగా చేసుకోండి. సీసాలో మూడో వంతు గింజలు, రెండు మూడు చెంచాల ఉప్పు వేసి మూత బిగించి ఒక నిమిషం బాగా ఊపండి. కాసేపు కదపకుండా ఉంచి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ ఇంకా 15 శాతం పైన ఉందని అర్థం. పొడిపొడిగా కిందికి జారిపోతే 15 శాతం లోపు ఉన్నట్టు. ఇంకో ఎండ కాచి నిల్వ చేసుకోవచ్చు. ఈ పరీక్ష వేరుశనగకు పనికిరాదు, దాని హద్దు చాలా కింద ఉంది కనుక.

ఎండబెట్టే తీరు గురించి కూడా రాయాలి. చెట్లు పీకాక కాయలు నేలకు తగలకుండా, వేళ్లు పైకి వచ్చేలా కట్టలు తిరగేసి పరవాలి. కాయలు వేరుచేశాక పట్టా మీద పలచగా పోసి, రోజుకు నాలుగైదుసార్లు కలియబెట్టాలి. సాయంత్రం కుప్పచేసి కప్పాలి, లేకుంటే మంచు పగటి ఎండను తినేస్తుంది. ఎండలో కాలిన కాయలను అప్పటికప్పుడు సంచికెత్తవద్దు. నీడలో చల్లారాక ఎత్తాలి. వేడిగా మూటకడితే లోపలి ఆవిరి రాత్రికి నీరై దిగుతుంది.

ఇంకో అలవాటు మన సీమలో, తెలంగాణలోనూ చూస్తుంటాం. మిషనుకు వేసి ఒలిపించేటప్పుడు పప్పు విరగకుండా కాయల మీద నీళ్లు చల్లుతారు. ఆ తడి కాయలు, తడి పప్పు రాత్రంతా గోనెల్లో ఉంటాయి. అంతవరకు శుభ్రంగా ఉన్న సరుకు కూడా అక్కడే పాడవుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. పప్పు విరిగితే ధర కొంచెం తగ్గుతుంది, అంతే. దుక్కిలో మిగిలిపోయి, వాన పడ్డాక ఏరుకునే పరిగె కాయల విషయంలోనూ జాగ్రత్త కావాలి. అవి చాలా రోజులు తడి మట్టిలో ఉండి, చెదలు తగిలి ఉంటాయి. పేద ఇళ్ల పిల్లల నోటికి ఎక్కువగా చేరేవి అవే. నాకు మనసుకు కష్టంగా ఉండే విషయం ఇది. పరిగె ఏరుకునేవారికి బాగున్న కాయ, బాగులేని కాయ తేడా ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి.

విషం ఒక్కోసారి పొలంలోనే మొదలవుతుంది. పంట చివరి నెలలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే, కాయ భూమిలో ఉండగానే బూజు చేరుతుంది. అనంతపురం ప్రాంతానికి ఈ బాధ తప్పదు. నీటి వసతి ఉంటే ఆ సమయంలో ఒక తడి ఇవ్వడం, పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మేలు. జిప్సంలోని కాల్షియం డొల్లను గట్టిపరుస్తుంది. గుంటక తగిలి చీలినవి, చెద తిన్నవి, బాగా ముదిరి నేలలోనే మొలకెత్తినవి మొదటే విడిగా తీసేయాలి.

కడగడం ఎందుకు వద్దన్నానో చెప్తాను. కడిగితే పైన కనబడే పచ్చటి పొడి పోతుంది, లోపల దిగిన విషం పోదు. వేయించినా, ఉడకబెట్టినా చావదు. అఫ్లాటాక్సిన్ విరగాలంటే 230 డిగ్రీలకు పైగా వేడి కావాలి. మామూలు గిన్నెలో వండితే నీరున్నంతవరకు వేడి 100 దాటదు. బాగా వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ మిగిలినదే చాలినంత కీడు చేస్తుంది. గానుగకు ఇద్దామనుకుంటే అదీ పరిష్కారం కాదు. విషంలో ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది, కొంత గానుగ నూనెలోకీ దిగుతుంది. ఆ చెక్క ఆవు తింటే విషం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలు ముందు తాగేది మీ పాపే. మన దేశంలో పాలలో దీని హద్దు కిలోకు అర మైక్రోగ్రాము (మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు). ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించి, 368 నమూనాల్లో ఈ విషం హద్దు మించిందని వెల్లడించింది. పాలలో నీళ్లు కలపడం గురించి మనం ఎంతో మాట్లాడతాం, మేతలోని బూజు గురించి మాట్లాడేవారు తక్కువ. కోళ్లు, ముఖ్యంగా బాతు పిల్లలు, ఈ విషానికి మనకన్నా త్వరగా పడిపోతాయి.

విత్తనానికీ ఆ బూజు కాయలు ఉంచవద్దు. ఇదే బూజు మొలకను కుళ్లబెడుతుంది, బతికిన మొక్క వేరు సరిగా పట్టక గిడసబారుతుంది. ఆ సంచిలో బూజు తగిలిన భాగాన్ని, దాని చుట్టూ అతుక్కున్న కాయలను, ఆకును ముక్కుకు గుడ్డ కట్టుకుని తీసి, పశువులు తవ్వని చోట లోతుగా గుంత తీసి పూడ్చండి. పెంటకుప్పలో వేయవద్దు, ఆ ఎరువు మళ్లీ మీ వేరుశనగ చేనుకే పోతుంది. అదే సంచిలో పైభాగం కాయలు బాగున్నట్టు కనబడినా ఇంట్లో ఎవరికీ పెట్టకండి.

మిగిలిన మూడు సంచులను పట్టా మీద పోసి ఏరండి. ఈ పని విసుగు పుట్టించినా చాలా ఫలితం ఇస్తుంది. వేరుశనగలో విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. కొద్ది గింజల్లోనే ముద్దగా పోగై ఉంటుంది. వందల్లో ఒక గింజ చాలు, ఆ గిన్నె అంతా చెడగొట్టడానికి. రంగు మారినవి, ముడతలు పడినవి, తాలు కాయలు, పురుగు కన్నమున్నవి, చీలినవి, ఒలిస్తే లోపల పసుపు పచ్చగానో బూడిద రంగులోనో నూగు కనబడేవి తీసేయండి. వేయించేముందు పప్పును మళ్లీ ఏరండి. తింటున్నప్పుడు ఒక గింజ చేదుగా తగిలితే మింగకుండా ఉమ్మేయమని పిల్లలకు ఇప్పటినుంచే నేర్పండి. కంటికి శుభ్రంగా ఉన్నా కొన్ని గింజల్లో విషం ఉండవచ్చు కాబట్టి ఏరడంతో ముప్పు పూర్తిగా పోతుందని చెప్పను, బాగా తగ్గుతుందని మాత్రం చెప్పగలను. అందుకే పాపకు పల్లీ ఉండ రోజూ కాకుండా ఒకరోజు నువ్వుల ఉండ, ఒకరోజు వేయించిన శనగపప్పు, బెల్లం మార్చిమార్చి పెట్టండి. పల్లీ పూర్తిగా మానవద్దు, పిల్లలకు అంత బలం తక్కువ ఖర్చులో ఇచ్చేవి ఎక్కువ లేవు.

ఏరిన కాయలను గలగలలాడేదాకా మళ్లీ ఎండబెట్టి, చల్లార్చి, కొత్త గోనెల్లో వేయండి. పాత గోనెలైతే వేపగింజల కషాయంలో ముంచి, పూర్తిగా ఎండిన తరువాత వాడండి. సంచులను నేల మీద కాక చెక్కబల్ల మీద, గోడకు జానెడు కాదు, మూరెడు దూరంలో పెట్టండి. లోపల ప్లాస్టిక్ పొరలుండి గాలి చొరని సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 1980లలో కామెరూన్ రైతుల అలసందల కోసం రూపొందించిన పద్ధతి ఇది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారు వేరుశనగలో పురుగునూ బూజునూ కావాలని వదిలి పరీక్షిస్తే, బట్టసంచిలో కన్నా ఈ సంచిలో కాయ బాగా నిలిచింది, విషం తక్కువగా ఉంది. అయితే ఆరని కాయను అందులో పోసి మూసేయకండి, చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. పురుగు కోసం సల్ఫాస్ వంటి బిళ్లలు మాత్రం మనుషులు పడుకునే ఇంట్లో ఎప్పుడూ పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ బిళ్లలకు బదులు మీ అత్తయ్య ఆకు వేయడం వెయ్యి రెట్లు మంచిది.

అత్తయ్యతో ఆమె పద్ధతి తప్పని చెప్పవలసిన పనే లేదు, ఎందుకంటే తప్పు కాదు. పెద్దల కాలంలో కాయ ఎన్నో ఎండలు కాగాక గాదెకెక్కేది. ఈసారి ముసురు వచ్చి ఆ ఎండలు తగ్గాయి. “అత్తయ్యా, ఆకు మానవద్దు, ఎండిన ఆకే వేద్దాం, దాన్ని కాయలకు తగలకుండా గుడ్డసంచిలో పెడదాం” అనండి. ఆకును నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. చేతిలో నలిపితే పెళపెళమని పొడి కావాలి. అలాంటి ఆకును పలచటి గుడ్డ మూటలుగా కట్టి సంచి అడుగున ఒకటి, నడుమ ఒకటి, మూతి దగ్గర ఒకటి పెడితే, మళ్లీ విప్పినప్పుడు తీసేయడమూ సులువు, పల్లీకి చేదూ అంటదు. రెండు మూడు నెలలకు వాసన తగ్గుతుంది, అప్పుడు ఆకు మార్చండి. ఆకు మార్చేటప్పుడు అడుగు కాయలు ఒక గుప్పెడు తీసి ఊపి చూడమని అత్తయ్యకే అప్పగించండి. ఇన్నేళ్లు కాయలు దాచిన చేతికి ఆ తేడా మీకన్నా నాకన్నా ముందు తెలుస్తుంది.

కాయలు అమ్మదలచుకుంటే, లేదా ఆ మూడు సంచుల మీద అనుమానం తీరకపోతే, పరీక్ష చేయించుకోవచ్చు. మన దేశంలో ధాన్యాలకు, పప్పులకు, ఇంకా శుద్ధిచేయవలసిన వేరుశనగకు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినే వేరుశనగకు 10 మైక్రోగ్రాములు హద్దు. ఐరోపా దేశాల హద్దు నేరుగా తినేవాటికి 4 మాత్రమే, అందుకే ఎగుమతి వ్యాపారులు ఇంత పట్టుబడతారు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే నమూనా ఎక్కడికి పంపాలో చెప్తారు. నమూనా తీసేటప్పుడు ఒక్కచోట నుంచి గుప్పెడు తీసి పంపితే ఫలితాన్ని నమ్మలేం. ప్రతి సంచిలో పైన, నడుమ, అడుగు నుంచి తీసి అన్నీ కలిపి, కనీసం రెండు మూడు కిలోలు గుడ్డసంచిలో పంపండి. ప్లాస్టిక్ కవరులో వద్దు, దారిలోనే చెమ్మపడుతుంది.